నత్తలతిప్పలో కరెంటు లేదండి

మృగశిర కార్తె, రెండో రోజు

వాన ఇంకా రాలేదు కానీ గాలి ఉప్పు మోసుకొస్తోంది. పొద్దున్నే పంటు పడవ అడుగుకు దిగి చల్లగది తలుపు అంచులను మంచినీళ్ళ గుడ్డతో తుడిచాను. తేమ పీల్చి బరువెక్కిన బొగ్గు సంచులను పైకి మోసుకొచ్చి డెక్కు మీద ఎండేశాను. ఎండినవి తీసుకెళ్ళి డిస్కుల అరల మధ్య వేలాడదీశాను. చాలా ఏళ్ళుగా ఇదే పని. మొదట్లో నిచ్చెన దిగేటప్పుడు నోటికి ఏదో ఒక పాట వచ్చేది. ఇప్పుడు మోకాళ్ళ చప్పుడు వస్తోంది.

మధ్యాహ్నం సభాపెద్ద భద్రరావు గారు స్వయంగా పడవలో వచ్చారు. ఆయన తనంతట తాను వచ్చారంటే వినడానికి ఇష్టంలేని మాట ఏదో ఉంటుంది. అల్లం నీళ్ళు ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ కూర్చున్నారు.

"స్వాతి కార్తె ఆఖరు దాకా మీ చల్లగదికి కరెంటు ఇస్తాం కనకవల్లి గారూ. ఆ తరవాత ఇవ్వలేం. కొత్తలంకలో తేలిన నేల మీద నాట్లు వెయ్యాలి. మట్టిలో ఉప్పు తీసే యంత్రానికే కరెంటు చాలడం లేదు."

"మరి డిస్కులండీ?"

"అవన్నీ తెలుపరి చదివేసింది కదా. చదివేసిన వాటిని ఇంకా చల్లగా ఉంచడం దేనికని సభలో అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి."

నీళ్ళ మీద తేలే మా తెప్పలూరులో ప్రతి తెప్ప మీదా ఒక తెలుపరి యంత్రం ఉంది. దాని ముందు నిలబడి అడిగితే చాలు, చంటిపిల్ల జ్వరానికి కషాయం దగ్గర నుంచి ముత్తాత పుట్టిన ఊరి దాకా ఏదైనా చెబుతుంది. ఇక ఈ పంటు దాకా తెడ్డు వేసుకుని ఎవరొస్తారు? పోయిన ఏడాది వచ్చినవాళ్ళలో ఒకాయనకు కావలసింది పడవకు కొట్టుకునే మేకు.

ఆయన వెళ్ళాక మళ్ళీ కిందికి దిగి కాసేపు అరల మధ్య నిలబడ్డాను. నేల మునగకముందు ఈ తీరంలో జనం రాసిందీ, మాట్లాడిందీ, ఫొటో తీసిందీ మిగిలిన మేరకు ఇక్కడే ఉంది. కొత్త డిస్కులు చేసేవాళ్ళు ఇప్పుడెక్కడా లేరు. వెచ్చబడితే ఇవి కొన్ని వేసవులకు మించి బతకవు.

ఆరుద్ర, అయిదో రోజు

వాన. డెక్కు మీద సంచులు తడిసిపోయాయి. వాటిని లాక్కొస్తుంటే ఒక వలపడవ వచ్చి పంటుకు ఆనుకుంది. యాభై దాటిన మనిషి, కొంగు తలమీద కప్పుకుని పైకెక్కింది. అడక్కుండానే రెండు సంచులు చంకన పెట్టుకుని లోపలికి తెచ్చింది.

"రికార్డులమ్మ గారంటే తమరేనాండి? నన్ను మరిడమ్మంటారండి. పెమ్మాడోళ్ళం. ఆకర్న చివర తెప్పండి మాది."

"కూర్చోండి. తల తుడుచుకోండి ముందు."

కూర్చోలేదు. "కొత్తలంకలో జాగాలిత్తన్నారు కదండి. మునిగిన ఊళ్ళ వోరీగా ఇత్తన్నారు. నేనెళ్ళి మాది నత్తలతిప్పండని సెప్పేను. తెలుపరినడిగి, అలాంటి ఊరు లేదమ్మా అన్నారండి."

"పేరు సరిగ్గా చెప్పారా?"

"పుట్టిన ఊరి పేరు తప్పు సెప్తానేంటండి? అయిదేళ్ళ పిల్లప్పుడు ఆ ఊరి నుంచే తెప్పెక్కేను. మా నాయనమ్మ నన్ను సంకనేసుకునొచ్చింది. మావోళ్ళు ముప్పై గడప దాకా ఉన్నారండి ఇప్పుడు. జాగా ఇవ్వకపోతే పోనీండి, ఇంకో ఊరోళ్ళ పక్కన సర్దుకుంటాం. కానీ లేనే లేదంటే ఎలాగండి? మరి మేం ఎక్కడి నుంచొచ్చేమండి?"

చూస్తాను అన్నాను. ఈ ఉద్యోగంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. ఆమె నా ముఖం కాసేపు చూసి, "సూడండి మరి. రేపొత్తాను," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం మా తెప్ప మీదున్న తెలుపరిని నేనే అడిగాను. దాని గొంతు ఎప్పటిలాగే మెత్తగా, దగ్గరి బంధువు గొంతులా ఉంది. "నత్తలతిప్ప అనే ఊరు ఉన్నట్టు నాకు తెలిసినంతలో లేదు. మీరు నత్తారామేశ్వరం గురించి అడుగుతున్నారా?" అంది. కాదన్నాను. "అయితే ఆ పేరు కుటుంబాలలో చెప్పుకునే కథ కావచ్చు," అంది.

ఆరుద్ర, తొమ్మిదో రోజు

తెలుపరి బాగోగులు చూసే హైమవతి దగ్గరికి వెళ్ళాను. ఆమె నాకు పాత స్నేహితురాలు. పీతల పులుసు పెట్టింది. తింటూ అడిగాను, తెలుపరి మన డిస్కులన్నీ నిజంగా చదివిందా అని.

"అన్నీ చదివింది వల్లీ. కానీ చదివిందంతా ఒకే తూకంగా పెట్టుకోదు. ఒకే మాట వెయ్యిసార్లు వచ్చేవి కొన్ని ఉంటాయి చూడు, వాటిని పక్కన పడేస్తుంది. లేకపోతే జవాబులన్నీ ఆ గోలతో నిండిపోతాయి."

"ఎలాంటివి?"

"అప్పటి కరెంటాఫీసుకు జనం చేసిన ఫోన్లున్నాయి. డిస్కులకు డిస్కులు. కరెంటు లేదు, కరెంటు లేదు, కరెంటు లేదు. దాంట్లో తెలుసుకునేదేముంది? పక్కన పెట్టేశాం."

చేతిలో పీత కాలు తిరిగి పళ్ళెంలో పెట్టేశాను. ఆ డిస్కులు ఏ అరలో ఉన్నాయో కళ్ళు మూసుకుని చెప్పగలను. నేను కూడా వాటినెప్పుడూ వినలేదు.

పునర్వసు, ఆరో రోజు

ఫోన్లు వింటున్నాను. పొద్దున బొగ్గు సంచుల పని కాగానే కూర్చుంటే ఎండ వాలేదాకా అదే. చెవులు నొప్పి పుడుతున్నాయి. ఉన్నది ఒక్క ప్లేయరు. అది వేడెక్కితే కాసేపు ఆపి విసనకర్రతో విసరాలి.

హైమవతి అన్నది నిజమే. కరెంటు లేదు, లేదు, లేదు. ఒకాయన కోళ్ళఫారంలో ఫ్యాన్లు ఆగాయని ఏడ్చినంత పని చేశాడు. ఒకావిడ కూతురి పెళ్ళిచూపులు జరుగుతున్నాయి, ఒక్క గంట ఇవ్వండి బాబూ, తరవాత కావలిస్తే రెండు రోజులు తీసేయండి అంది. రొయ్యల చెరువు కాపలాదారు ఒకడు ఫిర్యాదు మర్చిపోయి ఆఫీసులో వాడితో చాలాసేపు సినిమా సంగతులు మాట్లాడాడు. నిన్న నాకు తెలియకుండానే నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

అలసటగానూ ఉంది. వీళ్ళలో ఎవరూ లేరు. వాళ్ళ చెరువులూ, ఫారాలూ, పెళ్ళిచూపులు జరిగిన ఇళ్ళూ మా కాళ్ళ కింద నీళ్ళలో ఉన్నాయి. నత్తలతిప్ప మాత్రం ఇంకా వినబడలేదు.

మరిడమ్మ రోజు విడిచి రోజు వస్తుంది. "దొరికిందాండి?" అంటుంది. లేదంటే ఒక ఎండుచేప అక్కడ పెట్టి, సంచులు తిప్పి ఎండేసి వెళుతుంది. వద్దన్నా వినదు.

పుష్యమి, మూడో రోజు

దొరికింది.

మరిడమ్మ వచ్చేదాకా ఆగి, కూర్చోబెట్టి వినిపించాను. నడివయసు ఆడగొంతు. వెనక గాలి, కోడి అరుపు.

"హలో, కరెంటాపీసేనాండి? నత్తలతిప్ప నుంచండి. మాకు కరెంటు పోయి నాలుగు రోజులయ్యిందండి. తీగ తెగి నీళ్ళలో పడుందండి. పిల్లలు తిరుగుతారు."

"ఏ ఊరన్నావ్?" అన్నాడు ఆఫీసతను.

"నత్తలతిప్పండి. మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసేకాడ."

"అలాంటి ఊరు లేదమ్మా. కంప్యూటర్లో రావట్లేదు."

"ఊరు లేపోతే బిల్లెవరికిత్తన్నారండి మరి?"

అతను కాగితం లాక్కున్న చప్పుడు. "సరే, రాసుకుంటాలే. పేరు?" అన్నాడు.

"పెమ్మాడి సత్తెమ్మ. రాసుకుంటాననీసి మొన్నా అన్నారు, అటుమొన్నా అన్నారు. నేనిక్కడే ఉంటాను, రాయండి. రాసింది సదివి ఇనిపించండి. తీగ మీద సెయ్యేసి ఎవడన్నా సచ్చిపోతే అప్పుడు మా ఊరు కంప్యూటర్లో కనబడద్దేంటండి?"

మరిడమ్మ కదలకుండా వింది. అయిపోయాక, మళ్ళీ పెట్టమన్నట్టు చేత్తో సైగ చేసింది. రెండోసారి విన్నాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా నాయనమ్మేనండి. సత్తెమ్మ."

"గొంతు గుర్తుపట్టారా?"

తల అడ్డంగా ఊపింది. "పేరును బట్టేనండి. తెప్పెక్కేక ఆవిడ మాటాడ్డం మానేసింది. తిండి పెట్టేది, జడేసేది, మాట మాత్రం ఉండేది కాదు. ఎవరన్నా తిట్టినా ఊరుకునేది. మూగదానికి పుట్టిన సంత అని మమ్మల్ని ఎక్కిరించేవోరు." ప్లేయరు వైపు చూసింది. "ఇంత నోరుండేదాండి ఈవిడికి?"

అదే డిస్కులో, ఆ తరవాతి రోజుల ఫోన్లలో, సత్తెమ్మ ఇంకా చాలాసార్లు వినిపించింది. ఆఖరికి తీగ వేయించుకుంది. వేసినాయన పేరు చెప్పి, ఆయనకు చేపలు పంపామని ఆఫీసుకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆశ్లేష, రెండో రోజు

డిస్కు గుడ్డలో చుట్టుకుని భద్రరావు గారింటికి వెళ్ళాను. ఆయన మొత్తం విన్నారు. చివర్లో నవ్వారు కూడా. తరవాత డిస్కును రెండు చేతులతో నాకు తిరిగిచ్చారు.

"ఊరు ఉందని నాకు అనుమానం లేదు. కానీ తెలుపరి చెప్పిందే లెక్క. రూలు ఎందుకు పెట్టామో మీకు నేను చెప్పక్కర్లేదు."

అక్కర్లేదు. కొత్తలంక మొదటిసారి నీళ్ళలోంచి తేలిన ఏడు ఎవరికి వాళ్ళు పాత కాగితాలు, పాత ఫొటోలు పట్టుకుని దిగారు. ఎవరిది నిజమో ఎవరిది దొంగదో తేల్చేవాళ్ళు లేక తెడ్లతో కొట్టుకున్నారు. మా తమ్ముడు విశ్వేశం మధ్యలో అడ్డం వెళ్ళాడు. వాణ్ణి ఆ బురదలోనే పూడ్చాం. అందరికీ ఒకే నోరుండాలి, అది ఎవరి పక్షమూ కాకూడదు అన్నప్పుడు సభలో మొదట చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

"మీ తమ్ముణ్ణి మర్చిపోయి అడుగుతున్నారనుకోను," అన్నారాయన.

"లేదండీ," అన్నాను. డిస్కు మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వచ్చేశాను.

తిరిగొస్తూ హైమవతి దగ్గర ఆగాను. తెలుపరి చేత ఈ డిస్కులు మళ్ళీ చదివించు అని అడిగాను. కుదరదంది. దానికి కొత్తగా పెట్టుకునే చోటు తక్కువ, సభ ఒప్పుకోందే పాతవి మళ్ళీ తెరవకూడదు.

"ఇప్పుడది కొత్తగా నేర్చుకునేది సభలో పలికిన మాటలే వల్లీ. అవి మాత్రం ఒక్క ముక్క వదలకుండా దాచుకోవాలని రూలు," అంది మంచం సర్దుతూ.

అని ఆగింది. నా వంక చూసింది. "నేనేమీ అనలేదు సుమా."

మఖ, నాలుగో రోజు

సభలో తన మాట చెప్పుకునే హక్కు ఎవరికైనా ఉంది. మరిడమ్మ చెప్పుకుంటానని పేరిచ్చింది. నేను ఆమె పక్కన ప్లేయరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రాత్రంతా నిద్ర లేదు. మళ్ళీ తెడ్లు లేస్తాయేమోనని ఒక భయం. ఏమీ జరగకుండా ఇంటికెళ్ళిపోతామేమోనని ఇంకో భయం.

మరిడమ్మ లేచి, "నాకు మాటాడ్డం రాదండి. మా నాయనమ్మ మాటాడతాది," అని కూర్చుంది. నేను మీట నొక్కాను.

సత్తెమ్మ గొంతు సభ తెప్ప మొత్తం వినబడింది. "ఊరు లేపోతే బిల్లెవరికిత్తన్నారండి మరి?" అన్నప్పుడు వెనక వరసల్లో నవ్వులు. రెండో ఫోను, మూడో ఫోను అయ్యాక భద్రరావు గారు చెయ్యెత్తి ఆపమన్నారు.

"కనకవల్లి గారూ, ఇవి ఫిర్యాదులు. చరిత్ర అంటే ఇది కాదు కదా."

"ఊరు బాగున్నప్పుడు ఎవరూ ఫోన్ చెయ్యరండీ," అన్నాను. "ఆ ఊరి గురించి వేరే ఎవరూ ఏమీ రాయలేదు. ఉన్నది ఇంతే."

ఆపాల్సింది, ఆపలేదు నేను. సత్తెమ్మ తరవాత అదే డిస్కులో ఇంకెవరిదో ఫోను మొదలైంది. గవ్వలమెరక నుంచి మాట్లాడుతున్నానండి అని ఒక మగగొంతు. మూడో వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "అది మా అమ్మోళ్ళ ఊరండి," అన్నాడు మెల్లగా. ఆయన ఇన్నేళ్ళూ తనది పక్క పెద్ద ఊరని చెప్పుకుంటూ బతికాడట. ఇంకెవరో ఇంకో పేరు అడిగారు. సభ అంతా ఊళ్ళ పేర్లే.

భద్రరావు గారు నన్ను చాలాసేపు చూశారు. సభలో పలికించి ఈ ఊళ్ళన్నీ తెలుపరిలో చేర్చానని ఆయనకు అర్థమైంది. కావాలంటే ఆ మాటలు సభలో పలికినవి కావు, యంత్రంలోవి అని కొట్టేయవచ్చు. ఆయన కొట్టేయలేదు. "కానివ్వండి," అన్నారు.

పుబ్బ, మొదటి రోజు

మరిడమ్మ, నేను కలిసి చివర తెప్ప మీదున్న తెలుపరి ముందు నిలబడ్డాం. నత్తలతిప్ప అనే ఊరు ఉందా అని ఆమె అడిగింది.

"ఉంది. నదీముఖం దగ్గరి చిన్న ఊరు. అక్కడి ప్రజలు తరచుగా ఫిర్యాదులు చేసేవారు," అంది తెలుపరి.

నాకు సిగ్గేసింది. ఒక ఊరు మొత్తానికి మిగిలింది ఆ వాక్యమా? మరిడమ్మ మాత్రం తెలుపరి వైపు వంగి, "మరేనండి. ఇప్పుడూ సేత్తాం," అంది.

జాగాలు ఇచ్చారు. లంక చివర, చిత్తడి ఎక్కువ ఉన్న వైపు. అదే తమ మొదటి ఫిర్యాదు అన్నారు నత్తలతిప్పవాళ్ళు.

హస్త, ఎనిమిదో రోజు

పంటు దగ్గర ఇప్పుడు పడవలు బారు కట్టి ఉంటున్నాయి. అందరికీ తమ ఊరు వినాలి. అందరినీ సభలో వినిపించాలంటే సభకు ఇంకో పని ఉండదు. వారానికి ఒక పూట ఇచ్చారు. ఆ పూటలో ఏది వినిపించాలో నేను తేల్చాలి. ఎవరికి లేదంటే వాళ్ళకు నేను శత్రువును.

నిన్న లంకలో రెండు ఊళ్ళవాళ్ళు ఒకే మెరక మాదంటే మాదని దెబ్బలాడుకున్నారు. ఒకతని తల పగిలింది. బతుకుతాడు. భద్రరావు గారు పంటు దాకా వచ్చి, పడవ దిగకుండానే, "ఇది మీరు తెచ్చిందే కనకవల్లి గారూ," అని వెళ్ళిపోయారు. కాదనలేకపోయాను. విశ్వేశం గుర్తొచ్చి తిండి సహించలేదు. తల పగిలినతన్ని చూడ్డానికి వెళితే, పడుకునే అడిగాడు: "మా ఊరిది ఇంకో డిస్కుందటగా అమ్మా? ఎప్పుడు పెడతారు?"

స్వాతి, రెండో రోజు

చల్లగది కరెంటు తీయడం ఖాయం. వాయిదా అడిగాను. నాట్లు ఆగవన్నారు. నిజమే, ఆగకూడదు. బియ్యం రుచి తెలియని పిల్లలున్నారు ఇక్కడ.

రెండు రోజులు ఆలోచించి, నాకు నేర్పిన పెద్దలు వింటే చేతులు విరగ్గొట్టే పని చేయడానికి నిర్ణయించుకున్నాను. ఒరిజినల్ గది దాటి పోకూడదు అనేది ఈ వృత్తిలో మొదటి పాఠం. కానీ గది వేడెక్కితే అన్నీ ఒక్కచోటే, ఒక్కసారే పోతాయి. ఇళ్ళకు వెళితే కొన్ని పిల్లల చేతుల్లో విరుగుతాయి, కొన్ని నీళ్ళలో పడతాయి. కొన్ని ఉంటాయి. ఎవరి ఊరు వినబడిన డిస్కు వాళ్ళు తీసుకెళ్ళండి అని కబురు పెట్టాను.

స్వాతి, ఆఖరి రోజు

పొద్దున్నుంచి ఇచ్చాను. ఎండలో పెట్టకండి, తడి తగలనివ్వకండి, వేసవిలో తాగేనీళ్ళ కుండ పక్కన పెట్టండి, వినాలనిపిస్తే ఇక్కడికి తీసుకురండి, ప్లేయరు నా దగ్గరే ఉంటుంది. ఇదే అందరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది. కొందరు చీర కొంగులో కట్టుకున్నారు. గవ్వలమెరక పెద్దాయన తమ ఊరు వినబడే ఇంకో డిస్కును చొక్కా విప్పి చుట్టుకున్నాడు. మరిడమ్మ వాళ్ళ డిస్కు బియ్యం పోసుకోవడానికని కొన్న కొత్త డబ్బాలో పెట్టుకుంది. బియ్యం ఇంకా రాలేదు కదా, ఈ లోపల ఇదుంటాదండి అంది.

హైమవతి కూడా వచ్చింది. వాళ్ళ ఊరి డిస్కు తీసుకుని నన్ను కౌగిలించుకుని వెళ్ళింది.

పొద్దు వాలే వేళకు కరెంటు మనిషి వచ్చి తీగ విప్పాడు. చల్లగది హోరు ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా వింటున్న హోరు, ఆగాక గానీ అంత పెద్దదని తెలియలేదు. తలుపు తెరిచి ఉంచాను. ఇక మూయడానికి కారణం లేదు.

అరల్లో కొన్ని మిగిలాయి. ఎవరూ రాని ఊళ్ళవి. వచ్చేవాళ్ళు ఎవరూ మిగలలేదో, మిగిలినవాళ్ళకు తమ ఊరి పేరే తెలియదో. వాటిలో ఒకటి చేతికందింది తీశాను. పైన ఊరి పేరేమీ లేదు. ప్లేయరులో పెడితే, నేనెప్పుడూ వినని చిలకలమెట్ట అనే ఊరి నుంచి ఒక ఆడమనిషి తమ వీధి దీపం పగలంతా వెలుగుతోందనీ, రాత్రి ఆరిపోతోందనీ, ఎవరైనా వచ్చి దాన్ని తిప్పి పెట్టండనీ చాలా మర్యాదగా అడుగుతోంది.

విని, ఆ డిస్కును గుడ్డలో చుట్టి, మా ఇంటికి తెచ్చుకున్నాను. మా అమ్మానాన్నలు పట్నం వాళ్ళు, ఆ ఊరితో నాకే సంబంధమూ లేదు. ఎవరైనా అడిగితే మాది చిలకలమెట్ట అని చెబుతాను.